ఐసులో పెట్టిన ట్యూబు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, ఆస్పత్రి ఫైల్లోనే రాసి ఉంది. ఫైలు అట్ట మీద పేరు, వయసు, రక్తం గ్రూపు రాశాక, ఫలానా మందు పడదు అని రాయడానికి ఎర్రగీతల గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఒక డాక్టరుగారు స్వహస్తాలతో "కోపిష్టి" అని రాశారు. నాకు ఏ మందు పడదో ఆయనకు తెలియదు. నేను ఆయనకు పడనని మాత్రం బాగా తెలుసు.

ఆయనకు శాంతంగారని పేరు పెట్టింది నేనే. గదిలో అడుగుపెట్టింది మొదలు బయటపడేదాకా "శాంతం అమ్మా, శాంతం" అంటూనే ఉంటారు. ఆయన కుర్చీ వెనక గోడకి నీళ్లలో తేలుతున్న బాతు బొమ్మ ఒకటి వేలాడుతుంటుంది. దాన్ని చూస్తే రోగుల మనసు కుదుటపడుతుందని ఆయన నమ్మకం. ఎనిమిదేళ్లు చూశాను ఆ బాతుని. నా బీపీ ఒక్క అంకె దిగలేదు, బాతుకి మాత్రం రంగు దిగిపోయింది.

నేను పనిచేసేది కూడా ఆ ఆస్పత్రిలోనే, కింది అంతస్తులో, ముక్కల ల్యాబులో. పైన ఆపరేషన్లలో కోసి తీసిన గడ్డలూ తిత్తులూ డబ్బాల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని మైనంలో పోసి దిమ్మలు కట్టి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజు పలక మీదికి ఎక్కించి రంగు వేయడం నా పని. ఆ పలకను మైక్రోస్కోపు కింద పెట్టి, గడ్డ మంచిదా చెడ్డదా అని తేల్చేది మా పెద్దావిడ. ఆ ఆస్పత్రిలో నేను వెక్కిరించని డాక్టరు ఆవిడ ఒక్కతే. ఆవిడకి తెలియనప్పుడు తెలియదంటుంది. మిగతావాళ్ల నోటికి ఆ మాట తిరగదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరికీ చేసినట్టే నాకూ ఆరోగ్య పరీక్ష చేశారు. అప్పటికి నాకు ఇరవై నాలుగు. బీపీ చూస్తే నూట డెబ్బై, నూట పది. శాంతంగారి దగ్గరికి పంపారు.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అన్నారాయన.

"లేదండీ."

"ఉప్పు ఎక్కువ తింటారా?"

"లేదండీ."

"కోపం వస్తుందా?"

"అడ్డదిడ్డంగా మాట్లాడితే వస్తుందండీ."

"అదీ సంగతి!" అని కలానికి మూత పెట్టేశారు. ఆ మూత పెట్టిన చప్పుడుతో నా రోగనిర్ణయం పూర్తయింది. ఇరవై నాలుగేళ్ల పిల్లకి అంత బీపీ ఎందుకుంటుందని ఆయనకి గానీ, ఆయన బాతుకి గానీ అనుమానం రాలేదు. ఒక మాత్ర రాశారు. అది చాలకపోతే రెండు, రెండు చాలకపోతే మూడు. మాత్రలు పెరిగినకొద్దీ నా కోపం గురించి ఆయనకున్న గౌరవం కూడా పెరుగుతూ వచ్చింది.

ఇంట్లో ఆయనకి శిష్యురాలు తయారైంది, మా అత్తయ్య. ఆవిడ చెడ్డమనిషి కాదు. అయితే బాగుండేది, నాలుగు మాటలు అనేసి నా దారిన నేను పోయేదాన్ని. ఆవిడ ప్రేమగా ప్రాణం తీసే రకం. బీపీ మిషను కొని తెచ్చి, టెలిఫోను పక్కన గుడ్డ కప్పి పెట్టింది. నా గొంతు వంటింటి గుమ్మం దాటితే చాలు, గుడ్డ తీసి మిషను పట్టుకుని ప్రత్యక్షమయ్యేది. "ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వమ్మా" అని పట్టీ చుట్టి, అంకె కనబడగానే కొడుకు వైపు తిప్పి చూపించేది. "చూశావురా, అరిచింది, ఎక్కింది." అరవనప్పుడు కూడా అంతే ఉందేమో చూద్దామని ఆవిడకి ఒక్కసారీ తోచలేదు. నేను నోరు మూసుకుని ఉన్నప్పుడు ఆ మిషనుకి గుడ్డ కప్పే ఉండేది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న మనుషులకి బయటి నుంచి "ఏం కాదు, కంగారు పడకండి, మెల్లగా ఊపిరి తీసుకోండి" అని చెప్పడం ఆయన వృత్తి. ఇంట్లో నాతోనూ అదే గొంతు. నేను దేని గురించి మండిపడుతున్నానో వినకుండానే ఊపిరి తీసుకోమనేవారు. మంచివాడే. నాకు చిర్రెత్తుకొచ్చేది మాత్రం ఆ గొంతుకే.

నాలుగేళ్ల క్రితం ఒక కుర్ర డాక్టరమ్మ మూడు నెలల డ్యూటీకి వచ్చింది. నా ఫైలు మొదటి పేజీ నుంచి చదివింది. ఆ ఆస్పత్రిలో ఫైలు చదివే మనిషిని చూడటం నాకదే మొదలు. "మీకు పొటాషియం ఎప్పుడు చూసినా తక్కువే ఉందండీ. ఇంత బీపీతో అది తక్కువుంటే ఊరికే వదలకూడదు. రెనిన్ చూద్దాం" అంది. రెనిన్ అంటే కిడ్నీ వదిలే హార్మోను. అది ఎక్కువైతే రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది.

అప్పట్లో నేను రక్తాల ల్యాబులో ఉండేదాన్ని. నా రక్తం నేను తీసుకోలేను గనక పక్కనున్నామె తీసింది. ట్యూబుని మాత్రం నేనే చేత్తో పట్టుకెళ్లి ఐసు డబ్బాలో గుచ్చాను. హార్మోను పరీక్ష ఏదైనా ట్యూబు ఐసులో పెట్టాలని మా ల్యాబులో నియమం. గోడ మీద కాగితం అంటించి ఉండేది. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆ కాగితం నాచేతే రాయించారు. ఆ రోజు ట్యూబు ఎంత శ్రద్ధగా పెట్టానో ఇప్పటికీ గుర్తే. పేరు చీటీ తడవకుండా మైనపు కాగితం కూడా చుట్టాను.

రెనిన్ ఉండాల్సినదానికి ఆరు రెట్లు వచ్చింది. అప్పటికి కుర్ర డాక్టరమ్మ మూడు నెలలూ అయిపోయి వెళ్లిపోయింది. కాగితం శాంతంగారి బల్ల మీదికి చేరింది.

"ఇది ఐసులో వచ్చిన రక్తమటగా?" అన్నారు.

"ఐసులోనే వస్తుందండీ. హార్మోను కదా."

"దీన్ని ఐసులో పెట్టకూడదనుకుంటానమ్మా. పెడితే అంకె అబద్ధంగా పెరుగుతుందని ఎక్కడో చదివాను. మళ్లీ ఒకసారి తీయించి, ఐసు లేకుండా పంపించండి."

అనుకుంటానట! ఎక్కడో చదివారట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కోపాన్ని చూసి రోగం చెప్పే డాక్టరుగారు మీరు. ట్యూబు ఎలా పట్టుకోవాలో మీరు మాకు నేర్పక్కర్లేదండీ. గోడ మీద రాసి ఉంది, తీరికైనప్పుడు వెళ్లి చదువుకోండి" అన్నాను. లేచి వచ్చేస్తూ తలుపు కూడా గట్టిగానే వేశాను. గోడ మీద బాతు పక్కకి ఒరిగిందని తర్వాత నర్సు చెప్పింది. ఆ రోజు ల్యాబులో అందరికీ ఆ కథ చెప్పి నవ్వించాను. ఎర్రగీతల గడిలో నాకు బిరుదు దక్కింది కూడా ఆ రోజే.

మళ్లీ రక్తం ఇవ్వలేదు. ఆయనా మళ్లీ అడగలేదు.

మరుసటి ఏడు నాకు నెల తప్పింది. బిడ్డకి పడే మాత్రలకి మార్చారు. ఆరో నెలలో బీపీ రెండు వందలు దాటింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. ఆస్పత్రి మంచం మీద నేను గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, గుమ్మం బయట శాంతంగారు మా ఆయనతో అంటున్నారు, "ఆవిడ స్వభావం మీకు తెలిసిందే కదండీ. ముందే చెబుతూ వచ్చాను." మా ఆయన ఏమీ అనలేదు. మా అత్తయ్య నా తల నిమురుతూ, "పోనీలేమ్మా, ఈసారికైనా కాస్త తగ్గించుకో" అంది. ప్రేమగానే అంది.

ఆ మాటకి నేను అరిచి ఉండాల్సింది. అరవలేదు. ఎందుకంటే నేనూ నమ్మాను. ఈ ఒక్కటీ మాత్రం వెక్కిరింపుగా చెప్పడం నాకు చేతకావడం లేదు. మూడేళ్లపాటు, ఎవరిమీద గొంతు లేచినా లోపల్నుంచి ఒక మాట వినబడేది, నీ కోపమే దాన్ని తినేసింది అని. అందరినీ చెరిగిపోసే నేను ఆ మాటకి మాత్రం ఎదురు చెప్పలేకపోయాను.

ఈ ఏడు ఉద్యోగులందరికీ ఏటా చేసే పరీక్షల్లో నాకు కడుపు స్కానింగ్ తీశారు. రిపోర్టు అరగంటలో చేతికొచ్చింది. కాలేయం మామూలుగా ఉంది, గాల్ బ్లాడర్ మామూలుగా ఉంది, రెండు కిడ్నీలూ మామూలుగా ఉన్నాయి. చదివి, ఇంకోసారి చదివాను. నా గాల్ బ్లాడర్ తీసేసి రెండేళ్లయింది. రాళ్లతో సహా దాన్ని డబ్బాలో వేసి మా ల్యాబుకే పంపారు. దాన్ని కోసిందీ నేనే!

వాళ్ల దగ్గర ముందే టైపు చేసిన కాగితం ఒకటి ఉంటుంది. అందులో అందరికీ అన్నీ మామూలుగానే ఉంటాయి. ఎక్కడైనా ఏదైనా కళ్లలో పొడిచినట్టు కనబడితే ఆ ఒక్క వరుసా మారుస్తారు. కాగితం పట్టుకుని స్కానింగ్ గదిలోకి వెళ్లాను. బయట బెంచీల మీద ముప్పై మంది ఉన్నారు. వాళ్లందరూ వినాలనే అన్నాను, "ఏమండీ డాక్టరుగారూ, నా ఒంట్లో లేని గాల్ బ్లాడర్ మీకు ఏ మూల కనబడిందో కాస్త చూపిస్తారా? అంత ఆరోగ్యంగా ఉందంటే మళ్లీ పెట్టించుకుంటాను."

బెంచీల మీదివాళ్లు తమ కాగితాలు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు. నా నోరు మూయించడానికి ఆయనే స్వయంగా మళ్లీ చూస్తానన్నాడు, పెద్ద మిషన్లో సీటీ కూడా తీయిస్తానన్నాడు. తీశారు. ఎడమ కిడ్నీలో రెండు సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఇప్పుడు మామూలుగా ఉందని రాయలేక, కాన్సర్ కావచ్చని రాశారు.

కాన్సర్ డబ్బాలు రోజూ నా చేతులమీదుగానే పోతాయి. అయినా నా పేరున్న డబ్బా ఒకటి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

కిడ్నీ ఆపరేషన్లు చేసే ఆయనకి ముందునుంచే మొత్తంగారని పేరు ఉంది. ఆయన మాట్లాడటం మొదలుపెడితే చివరికి "మొత్తం తీసేద్దాం" దగ్గరే ఆగుతారు. నా స్కాను లైటుకి ఎత్తి పట్టి, ఊపిరి తీసుకునేంతలో కిందికి దించారు.

"మొత్తం తీసేద్దామమ్మా. ఎడమది."

"గడ్డ రెండు సెంటీమీటర్లండీ. కిడ్నీ పన్నెండు."

"రెండున్నాయిగా! ఒకటుంటే చాలు మనిషికి."

ఈయనకి కళ్లూ రెండే ఉన్నాయి అని నోటిదాకా వచ్చింది, మింగాను. "నా బీపీకీ ఈ గడ్డకీ సంబంధం ఏమన్నా ఉందాండీ?" అని అడిగాను.

నా ఫైలు తిప్పి చూశారు. ఎర్రగీతల గడి దగ్గర ఆయన చూపు ఆగింది, పెదవి వంకర తిరిగింది. "కోపం కిడ్నీలో ఉండదమ్మా" అన్నారు.

కిందికి దిగి పెద్దావిడ గదికి వెళ్లాను. ఆవిడ ఇరవై ఏడేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని అదే మైక్రోస్కోపులోకి చూస్తోంది. స్కాను చూపించి, ఏడవకుండా చెప్పాలని చూశాను, కుదరలేదు. ఏడ్చేదాకా ఏడవనిచ్చింది. తర్వాత సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"ఇందులో పదకొండు ఉన్నాయి చూడు. అన్నీ కిడ్నీలే. కిడ్నీలో మంచి గడ్డలు కూడా వస్తాయి, చాలా అరుదు. స్కానుకి మంచిదీ చెడ్డదీ ఒకలాగే కనబడతాయి. సూదితో కొంచెం ముక్క తీసి పంపినా ఒక్కోసారి నేను తేల్చలేను. తేలనప్పుడు ఎందుకొచ్చిన గొడవని మొత్తం తీసేసి నాకు పంపిస్తారు. నేను చూసి, ఇది మంచిదే, ప్రమాదం లేదు అని రాస్తాను. అలా రాసేటప్పటికి కిడ్నీ డబ్బాలో ఉంటుంది. అలాంటి పదకొండు డబ్బాల లెక్క ఇది. పన్నెండోది నీది కాకూడదు."

"నాది మంచిదని ఎలా తెలుస్తుంది మేడమ్?"

"ఇరవై నాలుగేళ్లకే అంత బీపీ. పొటాషియం తక్కువ. ఇప్పుడు కిడ్నీలో చిన్న గడ్డ. రెనిన్‌ని తయారుచేసే గడ్డ ఒకటి ఉంది. దాన్ని నేను చదువుకునేటప్పుడు ఒక్కసారి పలక మీద చూశాను, మళ్లీ చూడలేదు. నీకు ఎప్పుడైనా రెనిన్ చూశారా?"

"చూశారు మేడమ్. ఆరు రెట్లు వచ్చింది."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. "మరి ఎవరూ పట్టించుకోలేదా?"

"ఐసులో పెట్టడం వల్ల పెరిగిందన్నారు. చేతకానివాళ్ల సాకు."

"ఐసులో పెట్టారా?" ఆవిడ మొహం మారిపోయింది. "రెనిన్‌ని ఐసులో ఎవరు పెట్టమన్నారు? రక్తంలో పనిచేయకుండా పడి ఉన్న రెనిన్ చల్లదనానికి లేచి కూర్చుంటుంది. అంకె పెరిగిపోతుంది. నిజంగా ఎక్కువుందో, ఐసు వల్ల ఎక్కువైందో దేవుడికి కూడా తెలియదు. మిగతా హార్మోన్లు వేరు. దీన్ని గదిలోనే ఉంచాలి. ఎవరా పెట్టిన మహానుభావుడు?"

గోడ మీద గుండ్రటి అక్షరాలు కళ్లముందు తిరిగాయి. మైనపు కాగితం చుట్టిన ట్యూబు కనబడింది. శాంతంగారు ఎనిమిదేళ్లలో ఒకే ఒక్క మాట సరిగ్గా చెప్పారు, ఆ ఒక్క మాటకే నేను తలుపు విసిరి వచ్చాను.

"నేనే మేడమ్" అన్నాను.

ఆవిడ నోటు పుస్తకం సొరుగులో పెట్టేసింది. "సరే. ఈసారి నా ముందు తీయిస్తాను" అంది.

రెనిన్‌ని మార్చే మాత్రలు ఆపించి, దాని జోలికి పోని మాత్రలు వేసుకోమంది. నాలుగు వారాలు ఆగాం. ఒక ఉదయం ఆవిడ గదిలోనే రక్తం తీశారు. ట్యూబుని నేను ముట్టుకోలేదు. ఆవిడే గుప్పిట్లో పట్టుకుని, పసిపిల్లని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లింది. తొమ్మిది రెట్లు వచ్చింది.

ఆ కాగితం చూశాక కూడా మొత్తంగారు మొత్తం దగ్గరే ఉన్నారు. "రెనిన్ కాన్సర్‌లో కూడా పెరగొచ్చు కదా మేడమ్?" అన్నారు పెద్దావిడతో. "పెరగొచ్చు" అంది ఆవిడ. అదే ఆవిడతో చిక్కు, అబద్ధం ఆడదు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ముందు గడ్డ వరకే తీస్తారు. నేను బల్ల మీద ఉండగానే దాన్ని కిందికి పంపుతారు. పెద్దావిడ ఇరవై నిమిషాల్లో చూసి చెప్పాలి. కాన్సర్ అంటే కిడ్నీ మొత్తం పోతుంది. అందుకు ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలి. పెట్టాను. అక్షరాలు ఈసారి గుండ్రంగా రాలేదు.

ఆ ఇరవై నిమిషాలూ నేను మత్తులో ఉన్నాను. జరిగింది తర్వాత మావాళ్లు చెప్పారు. ముక్కని గడ్డకట్టించి, నా పక్క సీటామె కోసింది. పెద్దావిడ చూసింది. పైనుంచి ఫోను మోగింది.

"కాన్సరా కాదా? ఒక్కమాటలో చెప్పండి."

"ఒక్కమాటలో కావాలంటే నాణెం ఎగరేసుకోండి" అందట ఆవిడ. "నేను చెప్పగలిగింది ఇదీ. ఇది మామూలు కిడ్నీ కాన్సర్‌లా లేదు. అంచు శుభ్రంగా ఉంది. గుండ్రటి కణాలు, సన్నటి రక్తనాళాలు, నేను అనుకున్నదానిలాగే ఉంది. ఖాయంగా చెప్పడానికి మూడు వారాలు పడుతుంది. అందాకా కిడ్నీ ఆవిడ ఒంట్లో ఉండనివ్వండి. బాధ్యత నాది, నా పేరు రాసుకోండి."

మెలకువ వచ్చేసరికి నర్సు నా చేతికి బీపీ పట్టీ చుడుతోంది. నూట ముప్పై, ఎనభై ఆరు. ఆవిడ నమ్మక మళ్లీ చూసింది. మూడోరోజుకి నూట ఇరవై, డెబ్బై ఎనిమిది. ఒక్క మాత్ర లేదు.

పన్నెండో రోజునే ల్యాబుకి వచ్చేశాను. నా గడ్డ మైనపు దిమ్మని ప్రత్యేకమైన రంగుల కోసం ఇంకోచోటికి పంపాలి, దాన్ని ఎవరో కోయడం నాకిష్టం లేదు. కత్తి ముందు పెట్టి చూశాను. మైనంలో గోధుమరంగు చుక్క, రేగుపండు కంటే పెద్దది కాదు. ఇదా నా కోపం! ఎనిమిదేళ్లు నన్ను ఆడిపోసుకున్నది దీని మూలానా! పొరలు పొరలుగా కోశాను. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. రెనిన్‌ని తయారుచేసే గడ్డే. మంచిది. మళ్లీ వచ్చే ప్రమాదం దాదాపు లేదు. పెద్దావిడ తన నోటు పుస్తకం తీసి, వెనక పేజీలో కొత్తగా ఒకటో నంబరు వేసి నన్ను రాసుకుంది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా శాంతంగారి గదికి వెళ్లాను. ఎనిమిదేళ్లుగా కూడబెట్టుకున్న మాటలన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి.

"ముందు ఆ గడిలో రాసింది కొట్టేయండి" అన్నాను. "తర్వాత నా కూతురి గురించి గుమ్మంలో నిలబడి మా ఆయనతో ఏమన్నారో అది కూడా వెనక్కి తీసుకోండి."

ఆయన కాగితం చదివారు. మొహం పాలిపోయింది. "ఇలాంటివి లక్షల్లో ఒకటమ్మా. ఎవరికి తడుతుంది?" అన్నారు. తర్వాత ఫైలు తిప్పి, నాలుగేళ్ల నాటి పేజీ నా వైపు తోశారు. "మళ్లీ పరీక్ష చేయించమని చెప్పడమైనది. రోగి నిరాకరించినది" అని ఉంది. కింద తేదీ కూడా ఉంది.

ఆ తేదీని రెండుసార్లు చదివాను.

"ఆ తర్వాత మీ ఎదురుగా ముప్పైసార్లు కూర్చున్నానండీ" అన్నాను. "ముప్పైసార్లూ శాంతం అన్నారు. ఒక్కసారైనా రక్తం అనలేదేం?"

ఆయన కలం మూత తీసి, ఎర్రగీతల గడిలో మాట కొట్టేశారు. అది ఎంత చిన్న పనో అప్పుడు తెలిసింది. ఈసారి తలుపు మెల్లగానే వేశాను. కానీ తిన్నగా రక్తాల ల్యాబుకి వెళ్లాక మెల్లగా ఉండలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయనా అత్తయ్యా ముందుగదిలో కూర్చుని ఉన్నారు. రిపోర్టు ఇచ్చాను. అత్తయ్య కళ్లు తుడుచుకుని, "పోనీలేమ్మా, గండం గడిచింది. రోగం పోయింది కదా, ఇక ఆ కోపం కూడా అదే పోతుంది" అంది.

అంతే. నేను ఎంత గట్టిగా అరిచానో పక్కింటివాళ్ల కిటికీ మూసిన చప్పుడు వినబడింది. కోపం నాది, గడ్డది కాదు అన్నాను. ఎనిమిదేళ్లు నా నోట ఒక మాట వస్తే మందు వేయడానికి చూశారు గానీ, ఆ మాట ఏమిటో వినలేదన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ అలవాటు కొద్దీ లేచి, గుడ్డ తీసి, మిషను తెచ్చి నా చేతికి పట్టీ చుట్టింది. నేను అరుస్తూనే ఉన్నాను. పట్టీ ఉబ్బింది, తగ్గింది, మిషను కూసింది. అత్తయ్య దాన్ని కొడుకు వైపు తిప్పబోయి మధ్యలో ఆగిపోయింది.

నూట పదహారు, డెబ్బై నాలుగు.

"మిషను పాడైనట్టుంది" అంది.

మా ఆయన లేచి వచ్చి నా చేతి పట్టీ విప్పి తన చేతికి చుట్టుకున్నారు. మిషన్ల గురించి ఆయన ఎవరి మాటా వినరు, తనే చూసుకుంటారు. నూట ఇరవై రెండు, ఎనభై. ఆయనకి ఎప్పుడూ ఉండేదే. పట్టీ విప్పకుండానే కూర్చుండిపోయారు.

"అయితే మన పాప..." అన్నారు.

మూడేళ్లలో ఆయన పాప అనడం అదే మొదటిసారి. ఆ క్షణంలో నేను ఊరుకుంటే సరిపోయేది. తప్పంతా శాంతంగారిదీ, ఆయన బాతుదీ అయి ఉండేది. ఇద్దరూ నన్ను పట్టుకుని ఏడ్చేవారు. ఊరుకోలేకపోయాను.

"పాపకి ముందు ఏడే ఆ పరీక్ష అయింది. ఆ ట్యూబు ఐసులో పెట్టి పాడుచేసింది నేను" అన్నాను. "మళ్లీ రక్తం ఇవ్వమంటే, నీకేం తెలుసని ఆయన మీద అరిచి తలుపు విసిరి వచ్చింది నేను. ఇచ్చి ఉంటే అప్పుడే గడ్డ దొరికేది. నా కోపం బీపీ పెంచలేదు. కానీ ఆ రోజు ఆ గదిలో అది చేయగలిగిన చెరుపంతా చేసింది."

అత్తయ్య మిషను మీద గుడ్డ కప్పడానికి తీసి, చేత్తో అలాగే పట్టుకుని నిలబడింది. ఊపిరి తీసుకో అని ఎవరైనా అంటారేమో అని చూశాను. ఎవరూ అనలేదు.

మా ఆయన తలెత్తారు. "ఐసులో పెట్టమని రాసిన ఆ కాగితం, గోడ మీద ఇంకా ఉందా?"

"లేదు. ఇవాళే చింపేశాను."

"ఊరికే చింపేశావా? అరిచావా?"

"ల్యాబంతా వినబడేలా అరిచాను. రెనిన్ ట్యూబు ఐసులో పెట్టినవాళ్ల చెయ్యి నేనే ఐసులో పెడతానన్నాను. అందరిచేతా కాగితం మీద రాయించాను."

"మంచిపని చేశావు" అన్నారాయన.

ఆ మాట లిఫ్టు గొంతుతో అనలేదు.